అబ్బా చెప్పులు దాచవద్దు

గత నెల ఒక సోదరి మాకు సుదీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. ఆమె తండ్రిగారికి 58 ఏళ్ళు. బట్టల దుకాణం నడిపేవారు. నాలుగు నెలల క్రితం ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్పిస్తే, గుండె రక్తనాళంలో ఒకచోట అడ్డు ఉన్నదని చెప్పి స్టెంటు అమర్చారు. ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయనను మంచం దిగనివ్వడం లేదు. దుకాణం కొడుకులు చూసుకుంటున్నారు. కోడలు మంచినీళ్ళు చేతికందిస్తున్నది. వీధి చివరనున్న మసీదుకు నడిచి వెళ్తానంటే అమ్మీ ఆయన చెప్పులు తీసి బీరువా వెనుక దాచిపెడుతున్నది.

ఒకనాడు ఆయన కూతురితో, "ఆస్పత్రి వాళ్ళు నన్ను ఎప్పుడో ఇంటికి పంపేశారు బేటీ. మీరే ఇంకా పేషెంటుగా ఉంచారు" అన్నారట.

సోదరి అడిగిన ప్రశ్న ఇది: "అబ్బా నడిస్తే గుండెకు మళ్ళీ ఏమవుతుందోనని అమ్మీ భయం. నడవకపోతే మనిషి క్రుంగిపోతున్నారు. మేము ఎవరి మాట వినాలి?"

ఈ ఉత్తరం చదివినప్పుడు మాకు మా ఇల్లే గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా ఇంటి పెద్దాయనకు ఇదే జబ్బు వచ్చింది. మేమూ ఇదే ప్రేమ చూపించాము. ఆరు నెలలు గడిచేసరికి ఆయన పది మెట్లెక్కితే ఆయాసపడసాగారు. గుండె మరింత పాడైందని భయపడి డాక్టరుగారి వద్దకు పరుగెత్తాము. పరీక్షలన్నీ చూసిన తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "రోజుకు ఎంత దూరం నడుస్తున్నారు?" మాలో ఒక్కరమూ బదులు చెప్పలేకపోయాము. గుండె అలాగే ఉన్నది. మేము కూర్చోబెట్టినందువల్ల శరీరమే సత్తువ కోల్పోయింది. ఆ సిగ్గు మాకు ఇంకా తీరలేదు. అందుకే ఈ నెల ఈ శీర్షికను ఆ సోదరికీ, చెప్పులు దాచిన ఆ తల్లికీ సమాధానంగా వ్రాస్తున్నాము.

ముందుగా ఆ తల్లి భయాన్ని తక్కువ చేయవద్దని మనవి. ఆ భయాన్ని ఒకప్పుడు వైద్యులే నేర్పారు. 20వ శతాబ్దం మొదటి సగంలో గుండెపోటు వచ్చిన వారిని వారాల తరబడి మంచం మీదనే కదలకుండా పడుకోబెట్టేవారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు ఈ పద్ధతిని ప్రశ్నించారు. రోగులను తొలి రోజుల్లోనే మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టి, అది మేలు చేస్తున్నదని 1952లో ప్రకటించారు. కేవలం కుర్చీలో కూర్చోబెట్టడమే ఆనాడు సాహసమనిపించింది. వైద్యులు వదిలిపెట్టిన ఆ పాత పద్ధతి మన ఇళ్ళలో మాత్రం ప్రేమ రూపంలో నిలిచిపోయింది.

అంతకు ఎంతో ముందే ఇంగ్లండులో ఒక వైద్యుడు దీనికి విరుద్ధమైన విషయాన్ని గమనించారు. నడిచేటప్పుడు ఛాతీని పట్టేసే నొప్పిని వర్ణించి, దానికి 'ఆంజైనా' అనే పేరు పెట్టిన విలియం హెబర్డెన్ ఆయన. తన రచనలో ఆయన ఒక రోగిని ప్రస్తావించారు. ఆ రోగి ప్రతిరోజూ అరగంట సేపు కట్టెలు కోసే పని పెట్టుకొని దాదాపు నయమైనాడట. ఎందుకు నయమైనాడో ఆనాడు చెప్పగలిగిన వారు లేరు. ఆ కారణం తెలియడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఆ కారణం మన రక్తనాళాల లోపలి గోడలోనే ఉన్నది. రక్తనాళాన్ని మనం నీళ్ళ పైపు వంటిదనుకుంటాము. పైపులో మురికి పేరుకొన్నది, డాక్టరు దాన్ని తెరిచాడు, ఇక పైపును కదిలించకూడదు - ఇదే మన ఆలోచన. కాని రక్తనాళం ప్రాణమున్న అవయవం. దాని లోపలి వైపున ఒకే ఒక్క కణం మందాన పలుచని పొర పరచి ఉంటుంది. వైద్యులు దానిని ఎండోథీలియం అంటారు. రక్తం ఎక్కువ కావలసినప్పుడు నాళాన్ని వెడల్పు చేయడం, రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూడడం, కొవ్వు గోడలోకి చొరబడకుండా కాపలా కాయడం ఈ పొర పనులు.

న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు రక్తనాళపు ముక్కలపై పరీక్షలు జరిపారు. లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్న ముక్కకు ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని తగిలిస్తే అది సడలి వెడల్పయింది. పొర గీరుకుపోయిన ముక్కకు అదే పదార్థాన్ని తగిలిస్తే సడలకపోగా ముడుచుకున్నది. అంటే నాళాన్ని సడలించే సంకేతం ఏదో ఆ పొర నుంచే వెలువడుతున్నది. 1980లో ఆయన ఈ సంగతిని లోకానికి తెలియజేశారు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని కొద్ది ఏళ్ళలోనే తేలింది. ఈ పరిశోధనలకు గాను ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్ 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ఆ బహుమతిని నెలకొల్పిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిసరిన్‌తో డైనమైట్ తయారు చేసి ధనవంతుడైనాడు. జీవిత చరమాంకంలో ఆయనకు గుండె జబ్బు వచ్చినప్పుడు వైద్యులు సూచించిన మందు అదే నైట్రోగ్లిసరిన్. శరీరంలోకి వెళ్ళి అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుందని, అందువల్లనే నాళాలు సడలి నొప్పి తగ్గుతుందని మురాద్ 1977లో గుర్తించారు. గుండె నొప్పి వచ్చినప్పుడు నేడు మన ఇళ్ళలో నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా ఆ జాతి మందే. ఆ మాత్ర బయటి నుంచి అందించే పదార్థాన్ని ఆరోగ్యవంతమైన రక్తనాళం తనలోనే స్వయంగా తయారు చేసుకుంటుంది.

పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, చెడు కొవ్వు, కదలిక లేని జీవితం ఆ పొరను బలహీనపరుస్తాయి. అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి తగ్గుతుంది. నాళం సడలవలసిన సమయంలో ముడుచుకుంటుంది. ఇది ఒక్కచోట జరిగేది కాదు. గుండెలోనూ, మెదడులోనూ, మూత్రపిండాల్లోనూ, కాళ్ళలోనూ నాళాలన్నింటా జరిగే నష్టమిది. స్టెంటు అడ్డు ఏర్పడిన ఒక్కచోట దారి తెరుస్తుంది. గుండెపోటు సమయంలో అది ప్రాణాలు కాపాడే చికిత్స. అయితే స్టెంటు ఉన్న ఆ కొద్ది మిల్లీమీటర్లకు అవతల, నాళమంతటా పరచుకున్న పొరను అది బాగుచేయలేదు. ఆ పొరకు మందులు కావాలి. మందులతో పాటు నడక కూడా కావాలి.

నడక ఆ పొరకు ఎలా మేలు చేస్తుంది? మనిషి చురుకుగా నడిచినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాళాల్లో రక్తం జోరుగా ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం లోపలి పొరను ఒరుసుకుంటూ సాగుతుంది. ఆ ఒరిపిడే పొరకు మేలుకొలుపు. దానికి స్పందించి కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి, నాళం సడలుతుంది. ఇది ప్రతిరోజూ జరిగితే ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే తమ సామర్థ్యాన్నే పెంచుకుంటాయి. మంచం మీద పడుకున్న మనిషి నాళాలకు ఈ మేలుకొలుపు అందదు.

ఇది కేవలం ఊహ కాదు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో రైనర్ హాంబ్రెక్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీనిని రోగుల గుండెలోనే పరీక్షించారు. 2000 సంవత్సరంలో ప్రచురితమైన వారి పరిశోధనలో 19 మంది గుండె రక్తనాళ వ్యాధిగ్రస్తులు పాల్గొన్నారు. కొందరి చేత నాలుగు వారాలపాటు క్రమం తప్పకుండా వ్యాయామం చేయించారు, మిగిలిన వారి చేత చేయించలేదు. ఫర్చ్‌గాట్ వాడిన ఆ ఎసిటైల్‌కోలిన్‌నే వారి గుండె ధమనిలోకి పంపి ముందూ తర్వాతా కొలిచారు. మొదట జబ్బు పడిన నాళాలు ముడుచుకున్నాయి. నాలుగు వారాల తర్వాత వ్యాయామం చేసిన వారిలో ఆ ముడుచుకోవడం దాదాపు సగానికి తగ్గింది. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, జబ్బు పడిన నాళపు పొర మళ్ళీ పని నేర్చుకోగలదని ఆ పరిశోధన చూపించింది.

అదే బృందం 2004లో మరొక పరిశోధనను వెలువరించింది. జబ్బు నిలకడగా ఉన్న 101 మంది పురుషులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి స్టెంటు అమర్చారు. రెండవ వర్గం వారికి ఆస్పత్రిలో రెండు వారాలు శిక్షణ ఇచ్చి, తర్వాత ఇంటి వద్ద రోజూ 20 నిమిషాలు స్థిరంగా ఉండే సైకిలు తొక్కమన్నారు. వారానికొకసారి అందరూ కలిసి గంటసేపు వ్యాయామం చేశారు. ఏడాది గడిచాక చూస్తే, గుండెకు సంబంధించిన కొత్త ఆపద ఏదీ లేకుండా ఉన్నవారు వ్యాయామ వర్గంలో 88 శాతం, స్టెంటు వర్గంలో 70 శాతం.

ఈ అంకెలను అపార్థం చేసుకోవద్దని పాఠకులకు మా విన్నపం. వారంతా జబ్బు నిలకడగా ఉన్నవారు, గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చినవారు కారు. ఆనాటి స్టెంట్లకూ నేటి స్టెంట్లకూ తేడా ఉన్నది. డాక్టరు స్టెంటు అవసరమన్నప్పుడు "మేము నడిచి తగ్గించుకుంటాము" అనడానికి ఈ పరిశోధన ఆధారం కాదు. స్టెంటు అమర్చిన తర్వాత మనిషిని కూర్చోబెట్టవద్దనడానికి మాత్రం ఇది బలమైన ఆధారం. వ్యాయామంతో కూడిన పునరావాస చికిత్సపై ప్రపంచమంతటా జరిగిన 85 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 23 వేల మందికి పైగా హృద్రోగుల వివరాలను కలిపి 2021లో సమీక్షించారు. ఆ చికిత్స పొందిన వారిలో గుండె జబ్బు మరణాల ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గినట్లు తేలింది.

మరి కూర్చోబెడితే ఏమవుతుంది? 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం మీదనే ఉంచారు. వారి శారీరక సామర్థ్యం బాగా పడిపోయింది. 30 ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినీ పిలిచి మళ్ళీ కొలిచారు. 30 ఏళ్ళ వయసు తెచ్చిన నష్టం కన్నా ఆనాటి మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది. నిండు ఆరోగ్యంతో ఉన్న యువకుల సంగతే ఇలా ఉంటే, నాలుగు నెలలు మంచం మీదున్న 58 ఏళ్ళ హృద్రోగి సంగతి ఆలోచించండి.

ఇప్పుడు ఆచరణకు వద్దాము. మొదటి అడుగు డాక్టరు వద్దకే. "అబ్బా ఇక నడవవచ్చా? ఎంత నడవాలి? ఏది చేయకూడదు?" అని స్పష్టంగా అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. అవసరమనుకుంటే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేసి ఆయనే హద్దు నిర్ణయిస్తారు. విశ్రాంతిలో ఉన్నప్పుడే నొప్పి వస్తున్నవారు, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నవారు, కాళ్ళవాపుతో పడుకుంటే ఆయాసపడుతున్నవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు, గుండె లయ అదుపులో లేనివారు ముందు వైద్యం పొందాలి. నడక ఆ తర్వాతి మాట.

అనుమతి లభించిన తర్వాత చదునైన నేల మీద రోజుకు రెండు మూడు సార్లు, ఐదు పది నిమిషాల చొప్పున ప్రారంభించాలి. వారం వారం కొద్ది నిమిషాలు పెంచుకుంటూ, వారంలో ఐదు రోజులు అరగంట నడిచే స్థితికి చేరాలి. తొలి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా నడవాలి. చురుకుగా నడుస్తూ చటుక్కున ఆగిపోకూడదు.

వేగానికి సులువైన కొలత ఒకటున్నది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని గొంతెత్తి నాత్ చదవడానికి ఊపిరి చాలకూడదు. మాట కూడా రాకపోతే వేగం ఎక్కువైనట్లు. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారు నాడి లెక్కను నమ్ముకోకూడదు, ఈ మాటల కొలతే వారికి మేలు.

భోజనం చేసిన వెంటనే నడవకూడదు. గంటన్నర, రెండు గంటలు ఆగాలి. దావతులో బిర్యానీ తిన్న రోజున ఈ నియమం మరింత అవసరం. చలికాలపు తెల్లవారుజామున చల్లగాలి గుండె నాళాలను ముడుచుకునేలా చేస్తుంది కనుక కాస్త పొద్దెక్కాక నడవడం మంచిది. మన వేసవిలో ఎండ ముదరక ముందో, చల్లబడ్డాకో నడవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎప్పుడూ జేబులో ఉండాలి.

నడకలో ఛాతీ పట్టేసినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చెమటలు పట్టినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి కూర్చోవాలి. డాక్టరు చెప్పిన విధంగా మాత్ర పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. "గ్యాసు అయి ఉంటుంది" అని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు.

మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. వారు వట్టి కాళ్ళతో నడవకూడదు. మడమ వెనుక పట్టీ ఉన్న మెత్తని పాదరక్షలు ధరించి, ఇంటికి రాగానే పాదాలు పరిశీలించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారు చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నందున తీపి పదార్థం ఏదైనా వెంట ఉంచుకోవాలి.

మన ఇళ్ళకు సంబంధించిన మాటలు కొన్ని ఉన్నాయి. "అబ్బా ఐదు పూటలా నమాజు చేస్తున్నారు కదా, అదే వ్యాయామం కాదా?" అని కొందరు అడుగుతుంటారు. నమాజు ఆరాధన. అందులోని కదలికలు కీళ్ళకు మేలు చేయవచ్చు, కాని గుండె వేగాన్ని అరగంట సేపు పెంచి ఉంచే నడకకు అవి బదులు కావు. మసీదుకు నడిచి వెళ్ళి, నడిచి రావడం మాత్రం నిస్సందేహంగా ఈ చికిత్సలో భాగమే. దగ్గరి మసీదుకు కూడా స్కూటరు మీద దింపే కొడుకులు ఈ సంగతి గమనించాలి.

రమజానులో ఉపవాసం ఉండవచ్చునా లేదా అన్నది ఆ నెల రాకముందే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మాత్రల వేళలు మారతాయి కనుక స్వయంగా మార్చుకోవడం ప్రమాదకరం. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడం తక్కువతనం కాదు. ఉపవాసం ఉండగలిగినవారు ఎండవేళ కాకుండా, ఇఫ్తార్ తిన్నది అరిగాక తేలికగా నడవాలి.

మన స్త్రీల విషయం మరీ ముఖ్యం. అమ్మీకో నానీమాకో ఈ జబ్బు వస్తే "వీధిలో ఎక్కడ నడుస్తావు, ఇంట్లో పని చేస్తున్నావు కదా" అని సరిపెడుతున్నాము. వంటింట్లో గంటల తరబడి నిలబడడం అలసట తెస్తుంది గాని నడక ఇచ్చే మేలునివ్వదు. మేడ మీద, వరండాలో, పెరట్లో కూడా అరగంట నడవవచ్చు. పొరుగింటి స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిస్తే పార్కుకూ వెళ్ళవచ్చు. ఆమె నడిచే అరగంటలో పొయ్యి దగ్గర ఎవరుంటారన్నది ఇంటివారు తేల్చుకోవలసిన సంగతి.

చివరిది పొగ. సిగరెట్టు, బీడీ పొగ ఆ పలుచని పొరకు నేరుగా హాని చేస్తుంది. అబ్బా మానివేసినా, అదే గదిలో కొడుకు కాలిస్తే ఆ పొగ అబ్బా నాళాలకు చేరుతుంది. తండ్రి చేతికి నీళ్ళందించి, పక్కన కూర్చొని సిగరెట్టు వెలిగించడం సేవ కానేరదు.

సోదరీ, ఇక మీ ప్రశ్నకు వద్దాము. అమ్మీ మాట వినాలా, అబ్బా మాట వినాలా అని అడిగారు. ఇద్దరి మాటా వినండి. అమ్మీ భయాన్ని డాక్టరు ముందు ఉంచండి. ఆమెను కూడా వెంట తీసుకువెళ్ళి, ఆమె చెవులతోనే సమాధానం విననివ్వండి. అనుమతి రాగానే బీరువా వెనుక నుంచి చెప్పులు తీయించండి. మొదటి రోజు ఆయనను ఒంటరిగా పంపవద్దు. జేబులో మాత్ర ఉన్నదో లేదో అమ్మీయే చూసి, ఆయన పక్కనే వీధి చివరి వరకు నడవాలి. ఆమె వయసుకు కూడా ఆ నడక అవసరమే. మందులు ఒక్కపూట కూడా తప్పవద్దు, నడక ఒక్కరోజు కూడా తప్పవద్దు.

మా ఇంటి పెద్దాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచారు. మొదట్లో గేటు వరకు, తర్వాత వీధి చివరకు, ఆ తర్వాత బజారుకు. బజారు నుంచి కొత్తిమీర కట్ట పట్టుకొని వచ్చిన రోజున ఆయన ముఖంలో కనిపించిన కళ మాకు నేటికీ గుర్తున్నది. ఇన్షా అల్లాహ్, మీ అబ్బా కూడా త్వరలోనే తన కాళ్ళ మీద నడిచి మసీదుకు, దుకాణానికి చేరాలని ప్రార్థిస్తున్నాము. ఆయన వీధి చివరి వరకు వెళ్ళివచ్చిన రోజున మాకు మరొక ఉత్తరం వ్రాయండి.